పెళ్లికి ఐదు నెలలుంది, మొటిమల గుంటలకి లేజర్ చేయించుకోవచ్చా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ముందు చెబుతాను, ఎక్కడైనా తప్పుగా పట్టుకుంటే సరిచేయండి. మీ వయసు 24, రాజోలు దగ్గర పల్లెటూరు, మాఘమాసంలో పెళ్లి, అంటే ఇవాళ్టికి సుమారు ఐదు నెలలు. ఇంటర్‌లో మొదలైన మొటిమలు ఇప్పటికీ నెలకి నాలుగైదు వస్తున్నాయి, రెండు బుగ్గల మీదా గుంటలు పడ్డాయి. టౌన్‌లో బ్యూటీపార్లర్ వాళ్లు లేజర్ పాలిషింగ్ మూడు సిట్టింగులు చేస్తే మొహం గాజులా అయిపోతుందని చెప్పి 24 వేలు అడిగారు. మీ పిన్ని ఆన్‌లైన్‌లో సూదుల రోలర్ తెప్పించి ఇచ్చారు. మెడికల్ షాపులో ఇచ్చిన తెల్లబడే క్రీము రెండేళ్లుగా రాస్తున్నారు, రెండు రోజులు మానేస్తే మొహం మంటెత్తి ఎర్రగా అయిపోతోంది. మీ అమ్మగారికేమో లేజర్ అంటే తర్వాతెప్పుడో క్యాన్సర్ వస్తుందేమోనని భయం.

నేను చర్మవైద్యురాలిని. భీమవరం వైపు ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు, చించినాడ వంతెన దాటి మీ వైపు నుంచి వచ్చేవాళ్లని కూడా చాలామందిని చూశాను. నేను చెప్పేది మీ మొహం నేరుగా చూడకుండా చెప్పేదే, కాబట్టి చివరి నిర్ణయం మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసిన డాక్టర్‌దే అవ్వాలి. కానీ మీకు టైమ్ తక్కువ ఉంది, ఈ ఐదు నెలల్లో ఒక తప్పు అడుగు పడితే పెళ్లినాటికి ఇప్పుడున్నదానికంటే ఎక్కువ మచ్చలతో కూర్చోవాల్సి వస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే ఆ మూడు సిట్టింగులకి డబ్బు కట్టకండి. రోలర్ మొహానికి తాకించకండి. అన్నిటికంటే ముందు ఆ క్రీము సంగతి తేలాలి, ఎందుకంటే మిగతా ఏ ట్రీట్‌మెంట్ అయినా దాని తర్వాతే.

క్రీము గురించి. మీరు పేరు రాయలేదు గానీ మానేస్తే మంట, ఎరుపు అంటున్నారంటే దాంట్లో స్టెరాయిడ్ ఉందని నా గట్టి అనుమానం. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏదైనా ఉందేమో చూడండి. మన మెడికల్ షాపుల్లో తెల్లబడటానికి అని ఇచ్చే క్రీముల్లో ఎక్కువగా మూడు మందులు కలిసి ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, వాటితోపాటు ఒక స్టెరాయిడ్. అది మంగు మచ్చలకి, డాక్టర్ చూస్తూ ఉండగా, కొద్ది వారాలు మాత్రమే వాడాల్సిన మందు. మొదటి నెల అద్భుతంగా ఉంటుంది, నాకు తెలుసు, మొహం తేటపడుతుంది, మొటిమలు అణిగిపోతాయి, చుట్టాలందరూ ఏం రాస్తున్నావని అడుగుతారు. అది బాగవ్వడం కాదు, స్టెరాయిడ్ వాపుని అణిచిపెట్టి రక్తనాళాలని కుదించడం వల్ల వచ్చిన తెలుపు. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడుతుంది, సన్నటి ఎర్రటి నరాలు కనబడతాయి, బుగ్గల మీద నూగు వస్తుంది, ఒకే సైజు పొక్కులు లేస్తాయి, ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. మానేస్తే అణిచిపెట్టిందంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇలాంటి మొహానికి మా డాక్టర్లలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అంటాం. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా మన ఊళ్లల్లో ఇప్పటికీ కౌంటర్ మీద చేతికి ఇచ్చేస్తూనే ఉన్నారు, నాకు ఇది చూసినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

దీన్ని ఒక్కరోజులో మీ అంతట మీరు ఆపకండి. మంట తట్టుకోలేక మూడోరోజుకి మళ్లీ అదే రాసుకుంటారు, ఎక్కువమందికి అదే జరుగుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే నెమ్మదిగా తగ్గించడమో, స్టెరాయిడ్ లేని వేరే మందుకి మార్చడమో, అవసరమైతే కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ లాంటి మాత్ర ఇవ్వడమో చేస్తారు. రెండేళ్లు రాసిన మొహం సర్దుకోవడానికి కనీసం ఆరేడు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ పల్చటి చర్మం మీద లేజర్ పెట్టినా సూదులు గుచ్చినా మానడం ఆలస్యం, నల్లబడటం ఖాయం అన్నంత దగ్గర. వెళ్లేటప్పుడు ఇంతకాలం రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. చాలామంది తిడతారని దాచేస్తారు, దానివల్ల మాకు వారాలు వృథా.

ఇప్పుడు గుంటల సంగతి. ఏ మెషీన్ మంచిది అని అందరూ అడుగుతారు గానీ అడగాల్సింది నాకున్నది ఏ రకం గుంట అని. ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. రాత్రి గదిలో లైటు ఆపేసి, సెల్‌ఫోన్ టార్చిని చెవి పక్కనుంచి బుగ్గ మీదకి అడ్డంగా వేసి అద్దంలో చూడండి. నీడ పడినవి గుంటలు. నీడ పడకుండా నల్లగానో గోధుమరంగులోనో చదునుగా ఉన్నవి గుంటలు కావు, మొటిమ వదిలిన రంగు. ఈ రంగు మచ్చలకి లేజర్ అక్కర్లేదు, సన్‌స్క్రీన్, అజెలాయిక్ యాసిడ్ లాంటి క్రీములు, కొన్ని నెలల ఓపిక ఉంటే చాలావరకు పోతాయి. నా దగ్గరికి గుంటలని వచ్చినవాళ్లలో చాలామంది బాధ నిజానికి ఈ రంగుదే, అది తగ్గేసరికి సగం దిగులు పోతుంది.

నీడ పడిన చోట వేళ్లతో చర్మాన్ని రెండుపక్కలకీ మెల్లగా లాగి చూడండి. లాగితే చదునైపోయేవి వెడల్పైన అలల్లాంటి గుంటలు, రోలింగ్ స్కార్స్ అంటాం. ఇవి ఎందుకు వస్తాయో చెబుతాను. బొంత చూశారు కదా, దారం కుట్టు పడినచోట లోపలికి దిగి ఉంటుంది. అలాగే చర్మం కింద గట్టిపడిన పోగులు చర్మాన్ని కిందకి లాగి పట్టుకుంటాయి. పైన ఎంత పాలిష్ పెట్టినా కింద కుట్టు తెంపకపోతే బొంత పైకి లేవదు. ఆ పోగుల్ని చర్మం కిందనుంచి సూదితోనో మొన మొద్దుగా ఉండే సన్నటి గొట్టంతోనో తెంపడాన్ని సబ్‌సిషన్ అంటారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు, వారం పది రోజులు కమిలి నీలంగా ఉంటుంది, చూసి భయపడతారు గానీ అది తగ్గిపోతుంది. నా అనుభవంలో మన మొహాల మీద ఇలాంటి గుంటలకి ఇచ్చిన డబ్బుకి ఎక్కువ ఫలితం వచ్చేది ఇదే, దీనికి పెద్ద మెషీన్ ఏదీ అక్కర్లేదు. బోర్డుల మీద దీని ప్రకటన మీకు అంతగా కనబడకపోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

లాగినా పోకుండా, గోడలు నిటారుగా చిన్న చెరువు తవ్వినట్టు ఉండేవి బాక్స్‌కార్ గుంటలు. లోతు తక్కువైతే ఫ్రాక్షనల్ లేజర్‌కీ, సూదుల ట్రీట్‌మెంట్‌కీ (రెండింటి గురించీ కింద చెబుతాను) కొంతవరకు లొంగుతాయి. లోతుగా ఉంటే ఒక్కోదాన్ని చిన్న గుండ్రటి కత్తితో కోసి పైకి లేపాలి. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు పడ్డ గుంటలు కూడా ఎక్కువగా ఈ జాతివే. ఇక మేకు దిగినట్టు సన్నగా లోతుగా ఉండేవి ఐస్‌పిక్ గుంటలు, వీటి అడుగుదాకా పైపై పీల్స్ (యాసిడ్ రాసి చర్మం పై పొర వలిచేవి) గానీ మామూలు లేజర్ గానీ సరిగ్గా చేరవు. వీటికి ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్‌ని ఎక్కువ గాఢతలో, సన్నటి పుల్ల మొనతో, ఒక్కో రంధ్రం అడుగున మాత్రమే పెడతారు. క్రాస్ పద్ధతి అంటారు. పెట్టగానే ఆ చుక్క తెల్లబడుతుంది, తర్వాత చిన్న పెచ్చు కట్టి వారంలోపు రాలుతుంది, నెలకోసారి చొప్పున మూడు నాలుగు సార్లు చేస్తే రంధ్రం అడుగునుంచి మెల్లగా పూడుతూ వస్తుంది. ఆ యాసిడ్ అంచు మీదకి ఒలికితే మాత్రం రంధ్రం ఇంకా వెడల్పవుతుంది, చుట్టూ నల్లబడుతుంది, అందుకే ఇది చెయ్యి తిరిగిన డాక్టర్ దగ్గరే. ఎక్కువమందికి మూడు రకాలూ కలిసే ఉంటాయి. మూడు రకాల గుంటలకి ఒకే లేజర్ అని చెప్పినచోట మీ బుగ్గని ఎవరూ సరిగ్గా చూడలేదని అర్థం.

లేజర్ అసలు ఏం చేస్తుందో చెబుతాను, అమ్మగారికి కూడా చదివి వినిపించండి. గుంటలకి ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. దీన్ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసింది మన మహారాష్ట్ర బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఇది కంటికి కనబడని వేడి కాంతి, 10,600 నానోమీటర్ల తరంగం, దీన్ని నీళ్లు పీల్చుకుంటాయి. చర్మంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి కాంతి తగిలినచోట ఆ నీరు ఆవిరై కణజాలం ఎగిరిపోతుంది, చుట్టూ తగిలిన వేడికి కొత్త కొల్లాజెన్ పుట్టడం మొదలవుతుంది. ఎక్స్‌రేలాగా ఒంట్లోకి దూసుకెళ్లే కిరణం కాదు, చర్మం పై పొరల్లోనే ఆగిపోతుంది. దీనివల్ల క్యాన్సర్ వస్తుందన్న భయం అక్కర్లేదమ్మా అని అమ్మగారికి చెప్పండి. భయపడాల్సినవి వేరే ఉన్నాయి: కాలిన గాయం, ఇన్ఫెక్షన్, అన్నిటికంటే ముఖ్యంగా నల్లబడటం.

మొదట్లో ఈ లేజర్‌తో మొహం పై పొర మొత్తాన్ని తీసేసేవారు. వారాల తరబడి రసి కారేది, మానాక కొందరికి చర్మం శాశ్వతంగా తెల్లగా పాలిపోయేది, మనలాంటి రంగువాళ్లకి అది అస్సలు పనికొచ్చేది కాదు. 2004లో అమెరికా డాక్టర్లు ఫ్రాక్షనల్ అనే పద్ధతి తెచ్చాక పరిస్థితి మారింది. వరినాట్లు వేసినప్పుడు మొక్కకీ మొక్కకీ మధ్య జాగా వదులుతారు కదా, అలా వెంట్రుకంత సన్నటి రంధ్రాలు వరుసల్లో పెట్టి, మధ్యలో మంచి చర్మాన్ని వదిలేస్తారు. ఆ మంచి చర్మం నుంచి కణాలు పాకి రెండు మూడు రోజుల్లోనే రంధ్రాలు పైన మూసుకుంటాయి. మొహం మీద గరుకుగా సన్నటి పెచ్చులు కట్టి వారంలో రాలతాయి. లోపల కొల్లాజెన్ పని మాత్రం మూడు నుంచి ఆరు నెలలు నడుస్తుంది. అంటే ఇవాళ చేయించుకున్నా పూర్తి ఫలితం మీ పెళ్లి నాటికి కనబడకపోవచ్చు.

రంగు విషయం ఇంకా వివరంగా చెప్పాలి, మా వైపు జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికా చర్మవైద్యుడు ఎండకి చర్మం కమిలిపోతుందా నల్లబడుతుందా అన్నదాన్ని బట్టి చర్మాన్ని రకాలుగా విడదీశాడు. మొదట తెల్లవాళ్ల కోసమే చేసిన ఆ లెక్కకి తర్వాత గోధుమ, నలుపు రంగులకి ఐదు, ఆరు కలిపారు. మనలో ఎక్కువమంది నాలుగు, ఐదులో వస్తాం. ఈ చర్మంలో రంగు తయారుచేసే కణాలు చాలా చురుకు. చీమ కుట్టినా, దోమ కుట్టినచోట గోకినా, నూనె చిట్లినా, ఆ చోట నెలల తరబడి నల్ల మచ్చ మిగులుతుంది, మీకు తెలిసే ఉంటుంది. లేజర్ కూడా ఆ చర్మానికి ఒక గాయమే. విదేశాల్లో తెల్ల చర్మానికి రాసిన సెట్టింగులు మన బుగ్గ మీద అలాగే పెడితే గుంట ఎంత తగ్గుతుందో తెలీదు గానీ మొహం మీద నలుపు మాత్రం అచ్చు వేస్తుంది.

ఇది నేనే చేశాను. ప్రాక్టీసు మొదటి రోజుల్లో, ఒక వేసవిలో, రొయ్యల చెరువులు చేసే కుటుంబం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. మెషీన్‌తో వచ్చిన చార్టులో రాసిన లెక్క ప్రకారం ఫ్రాక్షనల్ చేశాను. వారం ఎండలోకి వెళ్లొద్దన్నాను, సరేనన్నాడు. నాలుగోరోజు చెరువులో రొయ్యలు పట్టే పని పడింది, వెళ్లక తప్పలేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టు మీద నిలబడ్డాడు, పైనుంచి ఎండ, కిందనుంచి నీళ్ల మీద పడి కొట్టే ఎండ. మూడు వారాల తర్వాత వస్తే రెండు బుగ్గల మీదా గళ్ల కాగితం అచ్చు వేసినట్టు నల్ల చుక్కల వరుసలు. తగ్గడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ అతను పెళ్లిళ్లకి వెళ్లలేదని వాళ్లమ్మ చెప్పింది. తప్పు అతనిది కాదు. ఏం పని చేస్తాడో నేను అడగలేదు, వేసవిలో చేశాను, చార్టుని నమ్మాను. ఆ తర్వాత నుంచి శివరాత్రి దాటాక వానలు పడేదాకా ఆ లేజర్ ముట్టుకోను, దసరా నుంచి సంక్రాంతి మధ్యలోనే చేస్తాను. లేజర్ రంధ్రాలు అంత దట్టంగా కాకుండా దూరదూరంగా పెట్టి మొదలుపెడతాను, దవడ కింద చిన్నచోట ముందు పరీక్షించి నాలుగు వారాలు ఆగి చూస్తాను, బండి మీద తిరిగే ఉద్యోగమా, పొలమా, చెరువా అన్నది మొదటి ప్రశ్నగా అడుగుతాను.

పార్లర్‌లో చెప్పిన లేజర్ పాలిషింగ్ అన్నది ఏ మెషీన్ పేరూ కాదు, దాని కింద ఏదైనా ఉండొచ్చు. వెళ్లి అడగండి: మెషీన్ పేరేంటి, చేతిలో పట్టుకుని చేసేది ఎవరు, వాళ్లు చర్మవ్యాధుల్లో ఎండీనో డీడీవీఎల్లో చేసినవాళ్లేనా, టెస్ట్ ప్యాచ్ చేస్తారా, కళ్లకి కవచం పెడతారా, నల్లబడితే ఎవరు చూస్తారు. అందులో దేనికి మాట తడబడినా లేచి వచ్చేయండి. డాక్టర్ పేరు బోర్డు మీద ఉండి చేసేది వేరే అమ్మాయిలైతే కూడా అంతే. ఖర్చు విషయానికొస్తే, మా వైపు నేను చూసినంతలో ఫ్రాక్షనల్ లేజర్ సిట్టింగుకి నాలుగైదు వేల నుంచి ఎనిమిది వేల దాకా ఉంది, కాబట్టి వాళ్లు అడిగిన రేటు మరీ మోసమేం కాదు. మోసం ఎక్కడుందంటే గాజులా అవుతుందన్న మాటలో ఉంది. అన్ని పద్ధతులూ కలిపి, ఏడాది పాటు ఓపిగ్గా చేస్తే గుంటల లోతు సగం తగ్గితే అది మంచి ఫలితం. చర్మ రంధ్రాలు కూడా మూసుకుపోవు, వాటికి తలుపులు లేవు, నూనె తగ్గితే చిన్నగా కనబడతాయి అంతే.

రోలర్ గురించి ఎక్కువ చెప్పను. క్లినిక్‌లో చేసే మైక్రోనీడ్లింగ్ మంచి ట్రీట్‌మెంటే, మన రంగుకి లేజర్ కంటే భయం తక్కువ, ఎందుకంటే వేడి లేదు. ఒకటిన్నర మిల్లీమీటర్ దాకా సూదులు నిటారుగా దిగుతాయి, సూదుల మొన మీ ఎదురుగా కవరు చించి పెన్నులాంటి పరికరానికి తగిలించాలి, మీకు వాడింది పారేయాలి. ఇంట్లో రోలర్ చక్రం తిరిగేటప్పుడు సూది ఏటవాలుగా దిగి చర్మాన్ని గీరుతూ లేస్తుంది, నాలుగుసార్లకి మొనలు వంగిపోతాయి, మీకు ఇంకా చీము మొటిమలు ఉన్నాయి కాబట్టి ఒక మొటిమలోని చీముని మొహమంతా నాటినట్టవుతుంది. పిన్నిగారు కూడా అదే రోలర్ వాడుతుంటే ఇంకా ప్రమాదం, రక్తం ద్వారా అంటుకునే జబ్బులు ఉన్నాయి, హెపటైటిస్ బి లాంటివి. ప్రేమతో తెచ్చారు, మనసు నొప్పించకుండా పక్కన పెట్టేయండి.

పీల్స్ గుంటలు పూడ్చవు. కానీ మొటిమలకీ, రంగు మచ్చలకీ, గరుకుతనానికీ చిన్న పీల్స్ చాలా బాగా పనిచేస్తాయి, మీకు పెళ్లిలోపు నేను ఎక్కువ నమ్మేది వీటినే. చెరకులో సహజంగా ఉండే గ్లైకోలిక్ యాసిడ్ అణువు చిన్నది, వేగంగా లోపలికి దిగుతుంది, టైమ్ దాటితే కాలుస్తుంది. బాదం నుంచి మొదట తీసిన మాండెలిక్ యాసిడ్ అణువు పెద్దది, నెమ్మదిగా దిగుతుంది, మన రంగుకి నిదానమైనది. సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డు మొహాల్లో రంధ్రం లోపలికి వెళ్లి పనిచేస్తుంది. ఆన్‌లైన్‌లో 70 శాతం గ్లైకోలిక్ సీసాలు అమ్ముతున్నారు, దయచేసి కొనకండి. నిమ్మరసం, వంటసోడా కూడా వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి నల్లబడటం నేను ప్రతి వేసవిలో చూస్తాను. ఇంకొకటి, మన కోనసీమవాళ్లకి చెప్పడం కష్టమే గానీ, మొటిమలున్న మొహానికి కొబ్బరినూనె రాయకూడదు. తలకి రాత్రి పట్టించి పడుకున్నా అది నుదురు మీదకీ బుగ్గల మీదకీ దిగుతుంది. తలస్నానానికి రెండు గంటల ముందు రాసుకుని కడిగేయండి.

ఇక ఈ ఐదు నెలలు ఎలా వాడుకోవాలో చెబుతాను. దసరా వెళ్లేదాకా ఒకటే పని, క్రీము వదిలించుకోవడం, కొత్త మొటిమలు ఆపడం. మొటిమలు వస్తూనే ఉంటే గుంటలు పూడ్చడం అంటే గండి కట్టకుండా నీళ్లు తోడటమే. చర్మం ఎరుపు తగ్గాక రాత్రిపూట అడపలీన్, పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటివి డాక్టర్ మెల్లగా మొదలుపెడతారు. ఐసోట్రెటినోయిన్ మాత్రలు మంచి మందే, కానీ అవి వాడుతున్నప్పుడూ ఆపాక ఒక నెల వరకూ గర్భం రాకూడదు, బిడ్డకి తీవ్రమైన లోపాలు వస్తాయి, కోర్సు నెలల తరబడి ఉంటుంది. పెళ్లి ముందున్న అమ్మాయికి ఆ లెక్క చూసుకోకుండా ఎవరైనా రాసిస్తే అడగండి. ఈ మాత్రలు ఆపాక ఆరు నెలల దాకా ఏ ట్రీట్‌మెంటూ చేయకూడదన్నది పాత నియమం. 2017లో అమెరికా నిపుణులు ఆధారాలు తిరగేసి చిన్న పీల్స్‌కీ ఫ్రాక్షనల్ లేజర్‌కీ అంతకాలం ఆగక్కర్లేదన్నారు. పై పొర మొత్తం తీసేవాటికి మాత్రం ఆ జాగ్రత్త అలాగే ఉంది. పాత నియమమే పాటించే డాక్టర్లు ఉంటే వాళ్లని తప్పుపట్టను.

సన్‌స్క్రీన్ ఇవాళ్టి నుంచే. ఎస్‌పీఎఫ్ 30 కంటే తక్కువ వద్దు, చూపుడువేలు మధ్యవేలు నిండా తీసుకోండి మొహానికీ మెడకీ కలిపి, చాలామంది బఠాణీ గింజంత రాసి పనిచేయలేదంటారు. మన దగ్గర ఉక్కపోతకి క్రీము రకాలు కారిపోతాయి, జెల్ రకం తీసుకోండి. లేత రంగు కలిసినవి దొరికితే ఇంకా మంచిది, వాటిలోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనబడే వెలుగుని కూడా ఆపుతుంది, మన రంగు నల్లబడటంలో ఆ వెలుగుకీ పాత్ర ఉంది. బండి మీద వెళ్లేటప్పుడు చున్నీ కట్టుకోండి, కానీ చున్నీ ఉందని సన్‌స్క్రీన్ మానకండి.

దీపావళి నాటికి చర్మం కుదుటపడిందని డాక్టర్ అంటే, అప్పుడు అలల గుంటలకి ఒకసారి సబ్‌సిషన్, ఐస్‌పిక్ గుంటలకి క్రాస్, మధ్యలో రెండు వారాలకోసారి తేలికపాటి మాండెలిక్ పీల్, నెలకోసారి మైక్రోనీడ్లింగ్, ఇందులో మీకు ఏది అవసరమో వాళ్లు నిర్ణయిస్తారు. మెడ, ఛాతీ, భుజాల మీద దెబ్బ తగిలినచోట ఎప్పుడైనా ఉబ్బు కండ పెరిగి ఉంటే, పెదవి మీద జ్వరపు పొక్కులు వచ్చే అలవాటు ఉంటే ముందే చెప్పండి, మొదటిదుంటే జాగ్రత్తలు మారతాయి, రెండోదుంటే లేజర్‌కి ముందు ఎసైక్లోవిర్ లాంటి మందు ఇస్తారు. మధ్యలో కార్తీకమాసం వస్తుంది. సూదులు గుచ్చిన వారంలో తెల్లవారుజామున గోదావరి స్నానాలకి వెళ్లి రేవులో తల ముంచకండి, కాలవ నీళ్లు కూడా వద్దు, తెరుచుకున్న రంధ్రాల్లోకి క్రిములు వెళ్తాయి. ఆ వారం ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లతో మొహం కడుక్కోండి, పెచ్చులు గోకకండి, వ్యాసలైన్ పల్చగా రాయండి చాలు. దీపావళికి కూడా ఎరుపు తగ్గకపోతే ఇవేవీ వద్దు, పెళ్లయ్యేదాకా సన్‌స్క్రీన్, మందులతోనే ఆగండి. బాధగా ఉంటుందని తెలుసు, అయినా అదే మంచిది.

సంక్రాంతికి పది రోజుల ముందే అన్నీ ఆపేయాలి. చివరి సూదికీ పెళ్లికీ మధ్య కనీసం ఆరు వారాలు ఉండాలని నా పద్ధతి. పెళ్లి వారంలో కొత్త ఫేషియల్, బ్లీచ్ ఏదీ వద్దు. మేకప్ చేసే అమ్మాయికి మెరుపు లేని మ్యాట్ ఫౌండేషన్ వాడమనండి, మెరుపు పడితే గుంట అంచులు ఎత్తి చూపిస్తుంది, ఫొటోగ్రాఫర్‌కి పక్కనుంచి గట్టి లైటు కొట్టొద్దని చెప్పండి. మంగళస్నానం రోజు నలుగు పెట్టేటప్పుడు అత్తలూ వదినలూ సరదాకి సున్నిపిండి గట్టిగా రుద్దేస్తారు, ఒంటికి ఎంతైనా పెట్టించుకోండి, మొహానికి మాత్రం పసుపు నీళ్లలో కలిపి చేత్తో తాకించమని మీ అమ్మగారిచేత ముందే చెప్పించండి.

ఫ్రాక్షనల్ లేజర్ కావాలనుకుంటే వచ్చే ఏడాది దసరా తర్వాత చూడండి, అప్పటికి మీ చర్మం దానికి సిద్ధంగా ఉంటుంది. పెళ్లయ్యాక బిడ్డ కోసం అనుకుంటున్నారంటే ఆ మాట డాక్టర్‌కి మొదటి నిమిషంలోనే చెప్పండి, అడపలీన్, సాలిసిలిక్ పీల్ అప్పుడు ఆపేస్తాం, అజెలాయిక్ యాసిడ్ వాడుకోవచ్చు, లేజర్ కాన్పయ్యాక. ఈ వారంలో చేయాల్సింది ఒకటే, కిటికీ పక్కన నిలబడి మేకప్ లేకుండా రెండు బుగ్గలకీ ఫొటోలు తీసుకుని, ఆ ట్యూబుల సంచితో దగ్గర్లోని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. వాళ్లు ఏం చెప్పారో వీలైతే రాయండి, చదువుతాను.